ఆట మానేసిన ఆటగాడికి కోచ్ అయ్యే దారి చూపండి: బెంగళూరు ఫుట్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

బెంగళూరులో ఫుట్‌బాల్ వ్యవహారాలు చూసే పెద్దలకు, క్రీడాశాఖ అధికారులకు, అకాడమీలు నడిపే క్లబ్బుల యాజమాన్యాలకు,

నమస్కారం.

2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించి కర్ణాటక 54 ఏళ్ళ తర్వాత రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు మా వీధిలో అందరం పండగ చేసుకున్నాం. ఆ గెలుపు వెనక మీ శ్రమ కూడా ఉంది. ఇక నేరుగా విషయానికి వస్తాను: ఈ ఊరి లీగ్‌లో ఆడి మానేసినవాళ్ళు కోచ్‌లు అయ్యే దారి తెరవమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను మురుగేశ్‌పాళ్యలో ఉంటాను. మాది చిత్తూరు జిల్లా. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఈ ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ ఊరి క్లబ్బులు ఆడే డివిజన్ లీగ్‌లో కొన్నేళ్ళు ఆడాను, ఇప్పుడు పొద్దున పూట పిల్లలకు ఆట నేర్పిస్తున్నాను. మా మైదానానికి వచ్చే పిల్లల్లో చాలామంది మదనపల్లె, పలమనేరు, హిందూపురం, కర్నూలు వైపు నుంచి పనికోసం వచ్చిన ఇళ్ళవాళ్ళు. నాన్నలు సెంట్రింగ్ పనికో డ్రైవింగ్‌కో వెళ్తారు. ఈమధ్య సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు కూడా వస్తున్నారు.

ఈ ఉత్తరంలో రాయబోయే సంగతుల మీదే కొందరు మాజీ ఆటగాళ్ళు సంతకాలు పెట్టిన అర్జీ ఒకటి మీలో ఒకరి కార్యాలయంలో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. తర్వాత వెళ్ళి అడిగితే పైకి పంపామన్నారు. పైన అడిగితే మా దాకా రాలేదన్నారు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ముందు మీకందరికీ బాగా తెలిసిన ఒక మనిషి గురించి చెప్పాలి. 2013లో బెంగళూరు ఎఫ్‌సీ క్లబ్బు పుట్టినప్పుడు దాని మొదటి కోచ్‌గా ఇంగ్లండ్ నుంచి ఆష్లీ వెస్ట్‌వుడ్ వచ్చాడు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఆటగాడిగా ఆయన పేరు ప్రపంచానికి తెలియదు. మాంచెస్టర్ యునైటెడ్ యువ జట్టులో పెరిగాడు కానీ సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అక్కణ్ణుంచి క్రూ, బ్రాడ్‌ఫర్డ్, షెఫీల్డ్ వెన్స్‌డే, నార్తాంప్టన్, రెక్సమ్ అంటూ క్లబ్బు తర్వాత క్లబ్బు మారుతూ డిఫెండర్‌గా బతికాడు. ఆట ముగిసే రోజుల్లో కోచింగ్‌లోకి మళ్ళి, బ్లాక్‌బర్న్‌లో సహాయ కోచ్‌గా చేసి, ఇక్కడికి వచ్చాడు. వచ్చిన మొదటి సీజన్‌లోనే, 2013-14లో, అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిపించాడు. మరుసటి సీజన్‌లో ఫెడరేషన్ కప్, 2015-16లో మళ్ళీ ఐ-లీగ్. ఆయన తర్వాత, బార్సిలోనా క్లబ్బులో ప్రధాన కోచ్ రైకార్డ్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన అల్బర్ట్ రోకా వచ్చి, 2016 నవంబరులో జట్టును ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. అంతకుముందు ఏ భారత క్లబ్బూ అక్కడిదాకా చేరలేదు.

వాళ్ళిద్దరి మీదా నాకు గౌరవమే ఉంది. విదేశీ కోచ్‌లు వద్దని నేను అనడం లేదు. నేను చూడమంటున్నది వెస్ట్‌వుడ్ నడిచిన దారిని. అలాంటి మధ్యస్థాయి ఆటగాళ్ళు ఇంగ్లండ్‌లో ఎంతోమంది ఉంటారు. మోకాలు అరిగాక, కాంట్రాక్టు అయిపోయాక వాళ్ళకు కోచింగ్ కోర్సు ఉంది, కోచ్ లైసెన్స్ ఉంది, ఒక పెద్ద కోచ్ కింద సహాయకుడిగా చేరే వీలు ఉంది. ఇన్నేళ్ళు ఆడుతూ నేర్చుకున్నది పక్కవాడికి చెప్పే పని దొరుకుతుంది. అదే ఆటగాడు ఈ ఊళ్ళో ఆస్టిన్ టౌన్‌లోనో, పీలే విగ్రహం పెట్టుకున్న గౌతమపురలోనో పుట్టి ఉంటే? ఈ జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కడో ఒక ఏటీఎం ముందు సెక్యూరిటీ డ్యూటీలో ఉండేవాడు.

2025 జూన్ 10న హాంకాంగ్‌లో జరిగిన ఆసియా కప్ క్వాలిఫయర్ గుర్తు చేసుకోండి. చివరి నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చుకుని భారత్ 0-1తో ఓడింది. ఆ రోజు హాంకాంగ్ కోచ్ మన వెస్ట్‌వుడ్. భారత కోచ్ మనోలో మార్కెజ్, 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిల్ తెచ్చిన మనిషి. అంటే రెండు బెంచీల మీదా ఉన్నది మన ఊళ్ళలో, మన కుర్రాళ్ళతో పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్ళే. ఆ ఊళ్ళలో పుట్టి ఆడినవాళ్ళు ఒక్కరూ ఆ కుర్చీల్లో లేరు. 2012 తర్వాత మళ్ళీ ఒక భారతీయుడు, ఖాలిద్ జమీల్, జాతీయ జట్టుకు ప్రధాన కోచ్ కావడానికి 2025 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇది మనకు చేతకాని పని కాదు. 1937లో బొంబాయి టోర్నీ రోవర్స్ కప్ గెలిచిన బెంగళూరు ముస్లిమ్స్ జట్టు ఈ ఊరిదే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద భారత్ కొట్టిన ఒకే ఒక్క గోల్ మైసూరు ఆటగాడు సారంగపాణి రామన్‌ది. అదే జట్టులో ఉన్న మన అహ్మద్ ఖాన్ ఆట చూడ్డానికి కలకత్తా జనం ఎగబడేవాళ్ళు. ఇక కోచ్ సంగతికొస్తే, మా తెలుగువాళ్ళం చెప్పుకోవాల్సిన పేరు హైదరాబాద్ రహీమ్ సాబ్. స్కూలు టీచరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు, దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. అదే హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తర్వాత భారత జట్టుకూ, బంగ్లాదేశ్ జట్టుకూ కోచ్ అయ్యారు, 1990లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఆడినవాడు నేర్పేవాడు కావడం ఒకప్పుడు ఇక్కడ మామూలే.

ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. దానివల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇది:

1. పిల్లలు తప్పు వయసులో తప్పు మనిషి చేతిలో పడుతున్నారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య కాలికి అబ్బింది తర్వాత మారదు. మా మైదానానికి ఒక తమ్ముడు వస్తాడు. మిడ్‌ఫీల్డర్‌గా ఈ ఊరి లీగ్‌లో పదేళ్ళకు పైనే ఆడాడు, కుడి మోకాలు పోయింది. ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. పొద్దున ఆర్డర్లు మొదలయ్యేలోపు ఒక గంట మా పిల్లల దగ్గర గడుపుతాడు. అతను నేర్పేది చూస్తే మీకే అర్థమవుతుంది. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెడతాడు, మూడోవాణ్ణి మధ్యలో పెడతాడు. మధ్యవాడికి బంతి వచ్చేలోపు తాను వాడి వెనక చేరి వేళ్ళు ఎత్తి చూపిస్తాడు. ఎన్ని వేళ్ళో చెప్పాకే వాడు బంతి ముట్టుకోవాలి. చెప్పలేకపోతే మళ్ళీ మొదటినుంచి. "బంతిని చూస్తూ కూర్చోకురా, అది ఎలాగూ నీ దగ్గరికే వస్తుంది. వెనక ఎవడున్నాడో చూడు" అంటాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలు చెప్పకుండానే భుజం మీదుగా వెనక్కి చూసి, సగం తిరిగి, బంతి అందుకోవడం మొదలుపెట్టారు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. వెనకనుంచి దెబ్బలు తిన్నవాడికే తెలిసిన విద్య. ఈ మనిషికి ఏ అకాడమీలోనూ ఉద్యోగం లేదు, ఎందుకంటే లైసెన్స్ లేదు. నెలకు వేలు కట్టే అకాడమీల్లో మాత్రం నేను చూసినంతలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడని కుర్రాళ్ళు విజిల్ పట్టుకుని కోన్‌లు పేర్చి పిల్లల్ని వాటి చుట్టూ పరుగెత్తిస్తున్నారు. ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు, దొరికిన ఉద్యోగం చేస్తున్నారు. కానీ తల్లిదండ్రులు డబ్బు కట్టేది దీనికా?

2. లైసెన్స్ అనే నిచ్చెన మొదటి మెట్టే అందడం లేదు. కోచ్ లైసెన్స్‌లో మెట్లు ఇవి: డి, సి, బి, ఎ, ఆపైన ప్రో. ఒక మెట్టెక్కాక కొంతకాలం జట్టుకు కోచ్‌గా పనిచేసి చూపిస్తేనే పై మెట్టుకు పోగలరు. ఈ పద్ధతి మంచిదే. కానీ రోజువారీ సంపాదన మీద బతికే మనిషికి ఫీజు ఒక్కటే కాదు ఖర్చు. కోర్సు జరిగినన్నాళ్ళూ పని మానుకోవాలి. అన్ని రోజులు ఆదాయం లేకపోతే ఇంటి అద్దె ఎవరు కడతారు? దానికితోడు భాష. నేను హాజరైన కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే నడిచింది. నా పక్కన కూర్చున్న మనిషి ఇరవై ఏళ్ళు స్టాపర్‌గా, అంటే గోల్ ముందు అడ్డుకునే డిఫెండర్‌గా, ఆడినవాడు. బోర్డు మీద గీసిన బొమ్మలో లోపం ఎక్కడుందో నాకు చెవిలో తమిళంలో చెప్పాడు. లేచి ఇంగ్లీషులో చెప్పడానికి మొహమాటపడ్డాడు. రాతపరీక్షలో పోయాడు, మళ్ళీ రాలేదు. బెంగళూరు మైదానాల్లో కన్నడ, తమిళం, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడతారు. ఆట ఆ భాషల్లోనే నేర్పుతారు. పరీక్ష ఒక్కటీ వేరే భాషలో ఎందుకుండాలి?

3. ఉద్యోగ భద్రత పోయింది. ఒకప్పుడు ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ), విమానాల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల జట్లలో ఆడితే ఉద్యోగం వచ్చేది. హెచ్ఏఎల్ జట్టు ఐ-లీగ్ దాకా వెళ్ళింది. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడు షిఫ్టు అయ్యాక కాలనీ మైదానంలో పిల్లలకు ఊరికే నేర్పేవాడు. నాకూ అలాంటి ఒక పెద్దాయనే నేర్పారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆయనకు నెల జీతం వచ్చేది, రిటైరైతే పీఎఫ్ ఉండేది. క్రీడాకోటా నియామకాలు పల్చబడేకొద్దీ అలా ఊరికే నేర్పేవాళ్ళు కూడా లేకుండా పోయారు. ఇవాళ ఆటగాడు ముప్పై ఏళ్ళకు ఆట మానేస్తే అతని చేతిలో డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు. పైస్థాయిలో ఆడేవాళ్ళ పరిస్థితి కూడా గట్టిగా ఏమీ లేదు. 2025 జులైలో ఐఎస్ఎల్ సీజన్ ఆపేశారు, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ, చెన్నైయిన్ ఎఫ్‌సీ జీతాలు నిలిపేశాయి. ఆ వార్త వచ్చిన వారంలోనే మా మైదానంలో ఒక నాన్న తన కొడుకును మాన్పించేశాడు. "పెద్ద టీముల్లో ఆడేవాళ్ళకే జీతం లేదంట గదా అన్నా, మావాడికి ఎవురిస్తారు?" అన్నాడు. ఆ అబ్బాయి ఎడమకాలితో కొట్టే క్రాస్ ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

4. ఆడపిల్లలు ఆగిపోతున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్బు తరఫున మహిళల చాంపియన్స్ లీగ్ ఆడింది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డమీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ వార్త చూసి మా దగ్గరికి అమ్మాయిలు వచ్చారు. వాళ్ళతో వచ్చిన అమ్మలు అడిగే మొదటి మాట ఒక్కటే: "అన్నా, ఆడకోచ్ ఎవరైనా ఉన్నారా?" లేరని చెబితే కొందరు ఆ రోజే తీసుకెళ్ళిపోతారు. ఉన్నవాళ్ళు కూడా పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి మానేస్తారు. తల్లుల భయాన్ని నేను తప్పుపట్టను. రాష్ట్రానికి ఆడిన అమ్మాయిలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, కాల్ సెంటర్లలో, బట్టల షాపుల్లో పనిచేస్తున్నారు. వాళ్ళను పిలిచి కోర్సులో కూర్చోబెట్టే పని ఎవరిది?

5. బయటి దేశాల్లో నేర్చుకొచ్చిన విద్య పిల్లల దాకా దిగడం లేదు. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛేత్రి 2010లో అమెరికాలో కాన్సస్ సిటీ క్లబ్బుకు, 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్బు రెండో జట్టుకు వెళ్ళి వచ్చాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వేలో స్టాబెక్ క్లబ్బుకు ఆడి యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. ఇద్దరూ చివరికి చేరింది మన బెంగళూరుకే. అక్కడి ట్రైనింగ్ ఎలా ఉంటుంది, పదేళ్ళ పిల్లాడికి ఏం చెప్తారు, చలికాలంలో గోల్‌కీపర్‌కి ఎలాంటి డ్రిల్ చేయిస్తారు, ఇవన్నీ వాళ్ళ అనుభవంలో ఉన్నాయి. వాళ్ళతో ఏడాదికి ఒక్కసారి స్థానిక కోచ్‌లకు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టించగలిగేది మీరే.

ఈ సందర్భంలో కార్ల్‌టన్ చాప్‌మన్ పేరు చెప్పకుండా ఉండలేను. ఈ ఊరి బిడ్డ. 1993లో ఈస్ట్ బెంగాల్ తరఫున ఇరాక్ క్లబ్బు అల్ జవ్రా మీద హ్యాట్రిక్ కొట్టాడు. భారత్‌కు కెప్టెన్ అయ్యాడు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. ఆయన కోచింగ్ జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీకి, షిల్లాంగ్‌లో రాయల్ వాహింగ్దో క్లబ్బుకు, కోళికోడ్‌కు ఉపయోగపడింది. 2020 అక్టోబరులో 49 ఏళ్ళకే ఇదే బెంగళూరులో కన్నుమూశారు. నివాళులు చాలామంది రాశారు. ఆయన బతికుండగా ఈ ఊరి అకాడమీ ఒకటి ఆయన చేతిలో పెట్టి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

అన్నిటికంటే ముందు, డివిజన్ లీగ్‌లో ఐదేళ్ళు ఆడిన ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ మొదటి రెండు లైసెన్స్ కోర్సుల ఫీజు మాఫీ చేయాలి. కోర్సు జరిగే రోజులకు భత్యం ఇవ్వాలి. ఎవరు ఎన్నేళ్ళు ఆడారో రిజిస్ట్రేషన్ రికార్డులు మీ దగ్గరే ఉన్నాయి, కొత్తగా సర్వే చేయాల్సిన పని కూడా లేదు. కోర్సు కన్నడంలో, తమిళంలో, తెలుగులో కూడా జరపాలి. అది వెంటనే కుదరకపోతే రాతపరీక్ష బదులు మైదానంలో చేసి చూపించి, నోటితో చెప్పే పరీక్షయినా పెట్టాలి. కొన్ని సీట్లు ఆడవాళ్ళకు కేటాయించాలి, అవి నిండకపోతే ఎందుకు నిండలేదో బయటపెట్టాలి.

అకాడమీలకు గుర్తింపు ఇచ్చేటప్పుడు, ప్రభుత్వ మైదానం అద్దెకు ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి: జీతం తీసుకునే కోచ్‌లలో కనీసం ఒకరు స్థానిక లీగ్‌లో ఆడినవారై ఉండాలి. క్లబ్బుల వాళ్ళకు నా మనవి వేరే. మీరు విదేశీ ప్రధాన కోచ్‌ను తెచ్చుకున్న ప్రతిసారీ ఆయన పక్కన ఒక బెంగళూరు మాజీ ఆటగాణ్ణి సహాయకుడిగా కూర్చోబెట్టండి. ఆయన వెళ్ళిపోయినా ఆ విద్య ఇక్కడ మిగులుతుంది. మీ బడ్జెట్‌లో ఇది చిన్న ఖర్చు.

క్రీడాశాఖకు: ప్రభుత్వ పాఠశాలల్లో పార్ట్‌టైం ఫుట్‌బాల్ కోచ్ పోస్టులు పెట్టి, లైసెన్స్ ఉన్న మాజీ ఆటగాళ్ళతో నింపండి. రహీమ్ సాబ్ బడి నుంచే వచ్చారు. మైదానాలు గంటల లెక్కన అద్దెకు ఇచ్చే టర్ఫ్‌లుగా మారిపోతున్న చోట పొద్దున రెండు గంటలు పిల్లలకు ఉచితంగా వదలాలి. టర్ఫ్ అద్దె కట్టలేక రోడ్డు పక్కన ఆడుతూ బండి కింద పడబోయిన పిల్లాడి గురించి ఆ అర్జీలోనే రాశాం, దయచేసి అది వెతికి చదవండి.

బెంగళూరులోని తెలుగు సంఘాల వాళ్ళకు కూడా ఒక మాట. ఉగాదికి, సంక్రాంతికి మీరు చక్కటి కార్యక్రమాలు చేస్తున్నారు. క్రికెట్ టోర్నమెంట్లకు కప్పులు ఇస్తున్నారు. ఈ ఏడాది ఆ ఖర్చులో కొంత తీసి ఒక మాజీ ఆటగాడి లైసెన్స్ ఫీజు కట్టండి. ఎవరికి కట్టాలో పేర్లు మేం చెప్తాం. తెలుగువాడే అయ్యుండాలని కూడా మేం అడగం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్ళిపోయినప్పుడు మనవాళ్ళు చాలామంది బాధపడ్డారు. జట్టు పోకుండా ఆపడం మన చేతిలో లేదు, ఈ పని మాత్రం ఉంది.

ఈ లీగ్ సీజన్ ముగిసేలోపు మొదటి డిమాండ్ మీద లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. అవుననో, కాదనో, కాదంటే ఎందుకు కాదో చెప్పండి. మా అర్జీ ఏ టేబుల్ మీద ఆగిందో కూడా తెలియజేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద క్రీడాశాఖను అడుగుతాం: కోచ్‌ల శిక్షణకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చుపెట్టారు, లైసెన్స్ వచ్చినవాళ్ళలో ఎంతమందికి జీతంతో పని దొరికింది. మీకు నేరుగా మాట్లాడాలనిపిస్తే ఆదివారం తప్ప రోజూ పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మైదానంలోనే ఉంటాం. ఆ డెలివరీ తమ్ముడితో మాట్లాడాలంటే మాత్రం ఏడులోపు రండి, తర్వాత అతనికి ఆర్డర్లు మొదలవుతాయి.

ఇట్లు,
మురుగేశ్‌పాళ్య మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక మాజీ డివిజన్ లీగ్ ఆటగాడు,
అర్జీ మీద సంతకాలు చేసిన తోటి ఆటగాళ్ళ తరఫున
బెంగళూరు